పట్టుపురుగుల ఇంట్లో వెదురు దువ్వెన

ఏసీ బయటి పెట్టె వెనకభాగంలో సన్నటి అల్యూమినియం రేకులు వరుసగా ఉంటాయి. గాలి వాటి సందుల్లోంచి పోతేనే లోపలి గది చల్లబడుతుంది. ఆ రేకులు వంగిపోయాయని మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే, పని నేర్చుకునే పిల్లలూ, ముందు చేతులు జేబులో పెట్టుకోండి. కళ్లతో చూడండి. పనిముట్టు సంగతి ఆ తర్వాత. ఈ మాట నాది కాదు, మా ఉస్తాద్‌ది. ఇది నా బుర్రకెక్కే లోపల నేను చాలామంది ఏసీల రేకులు చింపాను. మీరూ అన్ని చింపాల్సిన పని లేదని రాస్తున్నాను.

నాకు అక్షరాలు వచ్చింది నడివయసులో. గద్వాలలో మా దుకాణం దగ్గరే పెద్దవాళ్లకు బడి పెడితే వెళ్లి నేర్చుకున్నాను. అందుకని నా రాత గొప్పగా ఉంటుందని ఆశపడకండి. చెప్పే సంగతి మాత్రం గొప్పది.

ఉస్తాద్ నాకంటే కొంచెం పెద్దవాడు, పనిలో చాలా పెద్దవాడు. అణకువ అనేది ఆయన ఒంట్లో లేదు. గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా తనలాంటి పనివాడు ఇంకొకడు లేడని చాయ్ దుకాణంలో నిలబడి చెప్పేవాడు. అది నిజం కూడా కావడం మాకు కడుపుమంట. చాయ్‌లో చక్కెర ఎక్కువైనా తిట్టేవాడు, తక్కువైనా తిట్టేవాడు. దవడలో ఎప్పుడూ తంబాకు, అంటే నమిలే పొగాకు, ఉండేది. దాని డబ్బీ, సున్నం డబ్బీ పనిముట్ల సంచీలోనే పెట్టుకునేవాడు.

ఆయనకొక పద్ధతి ఉంది. రేకుల మీద ఏ పనిముట్టు పెట్టే ముందైనా దాని అంచును తన మణికట్టు లోపలి పలచటి చర్మం మీద గీసుకునేవాడు. తెల్లగీత పడి మాయమైపోతే ఆ సామాను పనికొస్తుంది. ఎర్రగీత పడితే పక్కకు పెట్టేవాడు. "తోలును గీకింది రేకును కోస్తది" అనేవాడు. అల్యూమినియం అంత మెత్తనిది మరి.

వంగిన రేకులను సరిచేయడానికి ప్లాస్టిక్ దువ్వెనలు దొరుకుతాయి. రేకుల సందు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు కాబట్టి, దువ్వెనకు ఒక్కో వైపు పళ్లు ఒక్కో దగ్గరితనంతో ఉంటాయి, పక్కన అంకె వేసి ఉంటుంది. కొత్తగా చదువు వచ్చిన మోజులో నేను ఆ అంకెలను పైకి చదివేవాణ్ని. ఒకసారి ఉస్తాద్ ఓపిక పట్టలేక, "అంకె దువ్వెనకుంటది తమ్మీ, రేకుకుండదు. రేకును సూడు" అన్నాడు. బడిలో ఆ పాఠం చెప్పలేదు.

ఇక అసలు సంగతి. ఎండలు బాగా ముదిరిన రోజులు. ఉప్పునుంతల వైపు ఒక పల్లెలో పట్టుపురుగుల పిల్లలను పెంచే కేంద్రం ఉంది. గుడ్లలోంచి వచ్చిన పురుగులను కొన్నాళ్లు చల్లటి గదిలో సాకి, కాస్త గట్టిపడ్డాక చుట్టుపక్కల మల్బరీ తోటల రైతులకు ఇస్తారు. దాన్ని నడిపేది ఒక ఆవిడ. గదిలో ఏసీ బిగించింది మేమే. ఆవిడ తెల్లవారుతూనే ఫోన్ చేసింది. ఏసీ కాసేపు నడుస్తోందట, ఆగిపోతోందట, బయటి పెట్టె పొయ్యిలా కాలుతోందట.

మేం బండి మీద బయలుదేరి వనపర్తిలో ఒక చాయ్ తాగి (చక్కెర తక్కువైంది, తిట్లు పడ్డాయి) ఎండ నెత్తికెక్కే వేళకు చేరాం. బయటి పెట్టెను గేటు అవతలి నుంచి చూడగానే నాకు సంగతి అర్థమైంది. రేకులన్నీ గాలివానకు పడుకున్న వరిలా ఒక పక్కకు ఒరిగి, ఒకదాన్నొకటి మూసేసి ఉన్నాయి. సందు అన్నదే లేదు.

చేసింది ఆవిడ భర్త. చెడుకు కాదు. బయటి పెట్టెకు దుమ్ము పట్టిందని, మండలంలో బండ్లు కడిగే దుకాణం నుంచి ప్రెషర్ పంపు అడిగి తెచ్చి, ట్రాక్టర్ చక్రాలు కడిగినట్టు దగ్గర నుంచి కొట్టాడు. మట్టి పోయింది, మెరిసింది. మెరిసిందని భార్యను పిలిచి చూపించాడు కూడా. ఇప్పుడు తలవంచుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

ఉస్తాద్ గేటు తీయబోతుంటే ఆవిడ లోపలి నుంచి చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, ఆడనే ఆగు. నోట్లె తంబాకుందా?"

"ఉంటె ఏమాయె చెల్లె? పని చేసేది చేతులు."

"తంబాకు సోకితె పురుగు బతకది. పోయినేడు ఒకాయన చుట్ట తాగుకుంట కిటికి కాడ నిలవడ్డడు. పురుగులు తలకాయలు లేపి ఊగి ఊగి పడిపోయినయ్. ఆ పంట మొత్తం గుంతల పూడ్చినం."

తర్వాత ఆవిడ చూపు మా సంచీ మీద పడింది. డబ్బీ మూత ఎప్పుడు ఊడిందో, లోపలంతా తంబాకు పొడి. స్పానర్ల మీద పొడి, దువ్వెన పళ్ల మధ్య పొడి. సంచీ గేటు దాటకూడదు అంది.

నేను నోరు తెరిచాను. బయటి పెట్టె గాలి బయటే తిరుగుతుంది, లోపలి గాలి లోపలే తిరుగుతుంది, ఒకదానికొకటి కలవదు అని చెప్పాను. అందులో తప్పేమీ లేదు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "కలవదని నువ్వంటున్నవ్. కలిస్తె పురుగులను నువ్వు తెచ్చిస్తవా?" అంది.

నేను మళ్లీ మొదలుపెట్టబోతుంటే ఉస్తాద్ దూరంగా పోయి తంబాకు ఉమ్మేసి వచ్చాడు. చాయ్‌వాడితో చక్కెర కోసం పోట్లాడే మనిషి, ఇక్కడ తానే చెప్పగలిగిన న్యాయం ఉండి కూడా చెప్పలేదు.

"తమ్మీ, ఊకో. పురుగులు ఆమెవి, భయం గూడ ఆమెదే. సబ్బు ఏడుందో అడుగు."

అప్పటిదాకా ఆయన చేతి పనిని చాలాసార్లు మెచ్చుకున్నాను, మనసులోనే. ఆ మనిషిని మెచ్చుకున్నది ఆ నిమిషంలో. మీకు కూడా రేపు ఇలాంటి ఇంటివాళ్లు తగులుతారు. వాళ్ల భయానికి మీ దగ్గర జవాబు ఉంటుంది. ఆ జవాబుతో ఏసీ బాగుపడదు.

బోరు దగ్గర ఒళ్లు రుద్దుకుని, నోరు పుక్కిలించి, ఆ ఇంటాయన అంగీలు తొడుక్కున్నాం. ఉస్తాద్‌కు పొట్ట దగ్గర గుండీలు పెట్టుకోవడానికి రాలేదు. ఇనుప సామాన్లను బూడిదతో తోమి, కాగే నీళ్లతో కడిగి చూపిస్తే ఆవిడ వాసన చూసి ఒప్పుకుంది. ప్లాస్టిక్ దువ్వెన పళ్లలో పొడి మాత్రం ఎంత కడిగినా పోవడం లేదు. నేను తెలివి ఉపయోగించి దాన్ని పొయ్యి మీద మరుగుతున్న గిన్నెలో వేశాను. తీసి చూస్తే పళ్లన్నీ మెత్తబడి తలో దిక్కుకు తిరిగి ఉన్నాయి.

ఉస్తాద్ దాన్ని ఎండకు పట్టి చూశాడు. "మంచిగ ఉడికింది. ఉప్పేసినవా?" అన్నాడు.

ఉన్నది అదొక్కటే. నాగర్‌కర్నూల్‌లో ఎవరి దగ్గరా దొరకదు. హైదరాబాద్ నుంచి తెప్పిస్తే రేపు ఎప్పటికో వస్తుంది. రేపటిదాకా ఆగలేకపోవడానికి కారణం పురుగులు. అవి రెండో జ్వరంలో ఉన్నాయి. పురుగు పాత తోలు విడిచి కొత్త తోలు తొడుక్కునే ముందు తినకుండా, కదలకుండా తల ఎత్తి పడి ఉంటుంది. దాన్నే వాళ్లు జ్వరం అంటారు. ఆ సమయంలో పురుగులున్న పళ్లాలు కదపకూడదు, కాబట్టి వేరే ఇంటికి మోయడానికి లేదు. గదిలో తడి ఉండకూడదు, కాబట్టి కిటికీలకు తడి గోనెలు కట్టడానికి లేదు. వేడి మించితే కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు, లేచినవి కూడా తర్వాత రోగంతో పోతాయి. తెల్లారితే రైతులు వచ్చి పురుగులను తీసుకుపోవాలి. వాళ్లు ఆకు సిద్ధం చేసుకున్నారు. పోయినేడు పంట పోయినప్పుడే సగం మంది వేరే కేంద్రానికి వెళ్లిపోయారట. ఈసారి కూడా పురుగు పోతే మిగిలినవాళ్లు రారు. ఆవిడ గది ఖాళీగా ఉంటుంది. ఇంత సంగతి ఆవిడ ఏడవకుండా, గొంతు పెంచకుండా చెప్పింది.

నీళ్లు పోస్తూ నడిపిద్దామని నేను అన్నాను. పోశాం. మూసుకుపోయిన రేకుల మీద నీళ్లు జారిపోయాయే కానీ గాలి దూరలేదు. కంప్రెషర్ కాసేపు మూలిగి మళ్లీ ఆగింది.

ఉస్తాద్ ఆవిడను పిలిచి దాచకుండా చెప్పాడు. "ఇట్లనే నడిపిస్తె పొద్దుగూకక ముందే కంప్రెషర్ కాలిపోతది. ఆపి పని చేస్తె పొద్దుగూకె యాల్లకు లేపుత. నడుమ రూము వేడెక్కుతది. ఏది చెయ్యాల్నో నువ్వే చెప్పు."

"లేపుతవని నమ్మకమేనా?"

"రేకుల మీద నమ్మకమే. పురుగుల సంగతి నాకు తెల్వదు."

ఆవిడ గది తలుపు వైపు చూసింది, భర్త వైపు చూడలేదు. "ఆపు" అంది.

కిటికీలు మూసేశారు. ఆ ఇంటాయన అడగకుండానే గది పైనున్న ఇనుపరేకుల కప్పు మీదికెక్కి గోనెలు పరిచి, వాటి మీద బిందెలతో నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. గది లోపల తడి ఉండకూడదు కానీ కప్పు పైన ఉంటే తప్పు లేదు. ఆ ఎండలో కాలుతున్న రేకు మీద ఆయన ఎక్కుతూ దిగుతూ ఉంటే ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు. అనాల్సిందంతా తనను తానే అనుకున్నట్టున్నాడు.

ఉస్తాద్ కడిగిన ఇనుప సామాన్లను ఒక్కొక్కటీ తీసి మణికట్టు మీద గీసుకున్నాడు. పట్టకారు, ఎర్రగీత. చాకు, ఎర్రగీత. వంకర మూతి చిమటా కొంచెం నయం, కానీ రెండు రేకులను కలిపి నొక్కేస్తుంది. ఆవిడ తెచ్చిచ్చిన పేన్ల దువ్వెన పళ్లు మరీ దగ్గర. నేను స్క్రూడ్రైవర్ అందివ్వబోయాను. నా ముఖం చూసి ఊరుకున్నాడు. ఊరుకోవడం తిట్టు కంటే పెద్దది ఆయన దగ్గర.

అప్పుడు ఇంటి వెనక గోడకు ఆనించి ఉన్న విరిగిన చంద్రిక ఆయన కంటపడింది. పురుగులు గూడు కట్టుకోవడానికి వాడే పెద్ద వెదురు తట్ట అది. వెదురు బద్దలను చుట్టలు చుట్టలుగా అల్లి ఉంటుంది. దాని దగ్గర గొంతుకూర్చుని ఒక బద్ద విరిచాడు, చీల్చాడు, ఆకు తరిగే కత్తితో నున్నగా చెక్కాడు. మణికట్టు మీద గీశాడు. తెల్లగీత.

ఆయన తండ్రి గద్వాలలో పన్నెలు కట్టేవాడని విన్నాను. మగ్గం మీద దారాలు ఒకదానికొకటి తగలకుండా పట్టి ఉంచే సన్నపళ్ల చట్రమే పన్నె. వెనకటికి దాన్ని వెదురు ఈనెలతో కట్టేవారు. స్టీలు పన్నెలు వచ్చాక ఆ పని పోయింది, కొడుకు ఫ్రిజ్‌ల పనిలోకి వచ్చాడు. అంతవరకే నాకు తెలుసు. ఆ పని చేతిలో మిగిలి ఉందని తెలియదు.

కింద కూర్చుని, బద్ద చివరను కాలి బొటనవేలితో నొక్కిపట్టి, ఈనెలు చీల్చడం మొదలుపెట్టాడు. అన్నీ ఒకే మందం. చూసి చీల్చడం లేదు, వేళ్లతోనే తెలుసుకుంటున్నాడు. రెండు పుల్లల మధ్య ఈనెలను నిలబెట్టి, ఒక్కో ఈనెకు ఒక చుట్టు దారం చుట్టి బిగించాడు. సందు ఎంత రావాలన్నది దారం లావును బట్టి ఉంటుందట. ఆవిడ మొదట ఇచ్చింది గోనె కుట్టే దారం. కట్టి, పెట్టెకు ఒక మూల బాగున్న రేకులకు ఆనిస్తే సందు ఎక్కువైంది. విప్పేశాడు. అంగీలు కుట్టే దారం అడిగాడు. ఈసారి పళ్లు రేకుల మధ్య సవ్వడి లేకుండా దిగాయి.

"పట్టింది" అన్నాడు. తనను తాను పొగడుకోవడం మరచిపోయాడు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. వంగినచోట మొదలుపెడితే చిరుగుతుంది. మంచిగా నిలబడి ఉన్న రేకుల దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి వంగినవాటిలోకి పోవాలి. నాకు ఒంటి ఈనె ఇచ్చాడు. నేను ముందు పోతూ, ఒక్కో రేకు కిందికి ఈనె దూర్చి కొంచెం లేపాలి. ఆయన వెనక దువ్వెనతో వస్తూ వరుసకు తెస్తాడు. పడుకున్న వరిని కట్టలు కట్టి నిలబెట్టినట్టే, ఇక్కడ తొందరపడితే గింజ రాలినట్టు రేకు విరుగుతుంది. ఎండ వీపు మీద, పెట్టె వేడి ముఖం మీద. దువ్వెన మధ్యలో విరిగింది. మళ్లీ కట్టాడు. మళ్లీ విరిగింది. ఈసారి రెండు కట్టి ఒకటి పక్కన పెట్టుకున్నాడు.

ఆవిడ మధ్యమధ్య తలుపు ఓరగా తీసి లోపలికి పోయేది, వచ్చేది. గోడమీది వేడి చూసే గొట్టంలో ఎంత ఉందో మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఒకసారి మాత్రం వచ్చి గుమ్మంలో కూర్చుని, చెంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు కట్టెది సూస్తుంటె మా నాయిన యాదికొస్తుండు. తట్టలల్లెటోడు" అంది. ఉస్తాద్ తల ఎత్తకుండా, "మంచిగ అల్లెటోడా?" అని అడిగాడు. "మంచిగనే" అంది. "అట్లయితె ఈ చంద్రిక ఆయనది కాదు. వెదురు పచ్చిగున్నప్పుడే అల్లిండ్రు" అన్నాడు. ఆవిడ ఆ పొద్దు మొదటిసారి నవ్వింది.

కింది మూలలో అరచేయంత జాగా నీళ్ల దెబ్బకు చిరిగిపోయి ఉంది. నేను దాన్ని కూడా లేపబోయాను. ఉస్తాద్ నా చెయ్యి పట్టుకున్నాడు. "దాన్ని ముట్టకు. అది పోయింది. గెలికితె పక్కది గూడ పోతది." పిల్లలూ, ఇది రాసుకోండి. పనిముట్టు ఎంచుకోవడం ఎంత కష్టమో, ఏ చోట పనిముట్టు పెట్టకూడదో తెలుసుకోవడం అంత కష్టం. నేను మొదటిది నేర్చుకున్నాను. రెండోదానికి ఇప్పటికీ చేతులు దురదపెడతాయి.

పొద్దు గుట్టల మీదికి వాలుతుండగా స్విచ్ వేశాం. కంప్రెషర్ మూలిగింది. ఉస్తాద్ పెట్టె ముందు అరచెయ్యి పట్టి నిలబడ్డాడు. మొదట ఏమీ లేదు. తర్వాత వేడిగాలి గట్టిగా బయటికి కొట్టింది. లోపలి వేడి బయటికి వస్తోందన్నమాట. మా పనిలో అంతకంటే చల్లటి కబురు లేదు. ఆగుతుందేమోనని చూస్తూ ఉన్నాం. ఆగలేదు. కప్పు మీది మనిషి బిందె పక్కన పెట్టి అక్కడే కూలబడ్డాడు.

ఆ రోజుకు వాళ్ల వసారాలోనే పడుకున్నాం. ఉస్తాద్ తంబాకు అడగలేదు. ఆయన నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతుంటే, అది తంబాకు లేకనే అని నాకు తెలిసింది.

తెల్లారాక ఆటోల్లో, బండ్ల మీద రైతులు వచ్చారు. గది చల్లగా ఉంది. ఆవిడ ఒక్కో పళ్లెం మీది కాగితం తీసింది. చాలా పురుగులు కొత్త తోలుతో మెరుస్తున్నాయి. కొన్ని ఇంకా తల ఎత్తి అలాగే ఉన్నాయి. ఆలస్యంగా లేస్తాయో, లేవనే లేవవో మాకెవరికీ తెలియదు.

వాళ్లలో పెద్దాయన ఒకడు, మల్బరీ పెంచడంలో తల పండినవాడు, వాకిట్లో ఆరేసిన గోనెలను, తడి కప్పును చూశాడు. "ఏం బిడ్డా, నిన్న ఏసీ ఆగిందంట గదా?" అన్నాడు. మాట అప్పుడే ఊళ్లు దాటింది.

భర్త ఆవిడ వైపు చూసి కళ్లతోనే వద్దన్నాడు. నేను కూడా మనసులో వద్దనే అనుకున్నాను. ఏసీ నడుస్తోంది, పురుగులు లేచాయి, ఇక ఎందుకు?

"ఆగింది పెద్దయ్యా" అంది ఆవిడ. "పగటీలి నుంచి పొద్దుగూకెదాక ఆగింది. రూము వేడెక్కింది. పురుగు జ్వరంలున్నప్పుడే. సూస్కొని తీస్కపోండ్రి, వద్దంటె ఇడిసిపెట్టుండ్రి. నేనేమనుకోను."

ఒకాయన చేతిలోని తట్టను కింద పెట్టేశాడు. ఉస్తాద్ నోరు విప్పి తన పని ఎంత గొప్పదో చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు. ఆవిడ వైపు, పెట్టుకోవడానికి రాని గుండీలతో, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

పెద్దాయన తన సంచీలోంచి ఒక మల్బరీ ఆకు తీశాడు. లేత ఆకు, తోటలోంచి వస్తూ తెంపుకొచ్చినట్టుంది. దాన్ని అన్నిటికంటే కింది అరలోని పళ్లెంలో పురుగుల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. అందరం చూస్తున్నాం. ఆకు అలాగే ఉంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత అంచు దగ్గర కదిలింది. ఒక నల్లటి మూతి ఆకు పైకి వచ్చింది, దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. ఆకు అంచు అరవంకలు అరవంకలుగా తరిగిపోసాగింది.

పెద్దాయన పళ్లెం కింద రెండు చేతులూ పెట్టి, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, లేచి నిలబడ్డాడు.

"ఆకు ఎక్కువ కోసిన బిడ్డా" అన్నాడు. "ఇంగొక పళ్లెం ఉంటె నాకియ్యి."